ఇంటికి ఒక మోకాలు

రెండో రోజు

ఈ నోటుబుక్కు ఫిజియో మేడమ్ ఇచ్చారు. రోజూ నాలుగు ముక్కలు రాస్తే నొప్పి మీద నుంచి మనసు మళ్ళుతుందట. ఇక్కడ వైద్యమంటే ఇలాంటివే. రాయడం, ఊపిరి లెక్కపెట్టడం, చలి పట్టీ, నడక. నేను చదివింది ఐదో తరగతి దాకా. తప్పులుంటే ఉంటాయి.

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారయ్య. డెబ్భై రెండేళ్ళు. నీళ్ళలో పంతొమ్మిదో స్తంభం, కింది నుంచి ఆరో వరసలో మా ఇల్లు. మొన్న కుడి మోకాలు తీసేసి కొత్తది వేశారు.

కోసే ముందు నడుములో చలి సూది గుచ్చారు. కాలు కొయ్యలా అయిపోయింది. కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు మాత్రం వినపడింది. ఆ సూది ఆరు గంటలు పనిచేస్తుంది. ఒక మనిషికి ఒకసారే వేస్తారు. ఏడో గంట నుంచి ఎవరి నొప్పి వాళ్ళది.

మా నాన్న నొప్పి బిళ్ళల గురించి చెప్పేవాడు. తెల్లగా గుండ్రంగా ఉండేవట, మింగితే అరగంటలో నెమ్మదించేదట. తర్వాత మనుషుల ఒళ్ళు వాటికి అలవాటుపడిపోయి అవి పనిచేయడం మానేశాయి. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ డబ్బాల్లో మా అమ్మ మెంతులు పోసుకునేది.

ఇంక రాయలేను. కాలు లాగుతోంది.

నాలుగో రోజు

ఈ ఆసుపత్రి పెద్ద బల్లకట్టు మీద ఉంది. అల వచ్చినప్పుడు మంచాలు కొంచెం ఊగుతాయి. ఇటు ఆరు మంచాలు మగవాళ్ళవి, ఎదురుగా ఆరు ఆడవాళ్ళవి. మధ్యలో తెర లేదు.

గోడకి ఒక పెట్టె ఉంది. దానిది ఆడపిల్ల గొంతు. రోజుకు నాలుగుసార్లు వరసగా అందరినీ పేరు పెట్టి అడుగుతుంది. సున్నా నుంచి పది వరకు, నొప్పి ఎంత? మనం చెప్పిన అంకెని బట్టి మోకాలికి చుట్టిన పట్టీలోకి చల్లటి నీళ్ళు వదులుతుంది. ఉన్న కరెంటుకి తయారయ్యే చలి కొంతే. పన్నెండు మందికి అదే సర్దాలి. ఎక్కువ చెప్పినవాళ్ళకి ఎక్కువ వస్తుంది. మునుపు ముఖం చూసి కూడా అంచనా కట్టేదట. జనం ముఖాలు వంకర పెట్టడం నేర్చుకున్నారని అది మాన్పించారు. ఇప్పుడు నోటి మాట ఒక్కటే.

నా పక్క మంచం జోజిబాబుది. పదమూడో స్తంభం. పడవలకు తారు పూసే మేస్త్రీ. పెట్టె అతని పేరు పూర్తిగా పలకకముందే "పది!" అని అరుస్తాడు.

నన్ను అడిగింది. ఎదురు మంచాల ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. మూడు అన్నాను. పట్టీ కాస్త చల్లబడి ఊరుకుంది.

"మూడేంటి బాబాయ్? నువ్వు పళ్ళు కొరికే చప్పుడుకి నాకు నిద్ర పట్టట్లా!" అన్నాడు జోజిబాబు.

"అందరి ముందూ ఏం చెబుతాం."

"నొప్పెంతని అడిగింది గానీ పెళ్ళాం పేరేంటని అడిగిందా? ఆ సిగ్గేంటి?"

ఎదురు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను దుప్పటి లాక్కున్నాను.

ఐదో రోజు

ఫిజియో మేడమ్ పేరు హేమలత. సన్నటి మనిషి, చేతులు మాత్రం ఇనుము. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తారు. కోణాల చెక్క పెట్టి మోకాలు కొలుస్తారు. పాదం పైకీ కిందకీ ఆడించాలి. మడమ పలక మీద జారుస్తూ వెనక్కి తేవాలి. కరెంటు బిళ్ళలు అంటించి చీమలు పాకినట్టు చేస్తారు. అది పెట్టినంతసేపూ నొప్పి ఎటు పోవాలో తెలియక తికమకపడుతుంది. కళ్ళకి అద్దాలు తగిలించి మంచు కొండ చూపిస్తారు. నేను మంచు ఎప్పుడూ చూడలేదు. తెల్లగా ఉంది, ఉప్పు కుప్పలాగా.

మేడమ్ ఈ రోజు అందరికీ ఒక మాట గట్టిగా చెప్పారు.

"ఇరవై ఎనిమిది రోజులే ఇస్తారండీ మీకు. ఆ రోజుకి కాలు చాపితే నేరుగా రావాలి, ఐదు డిగ్రీలకి మించి వంపు ఉండకూడదు. మడిస్తే తొంభై అయిదు రావాలి. అంతకు తగ్గితే నిచ్చెన ఎక్కలేరు. దిండు మడమ కింద పెట్టుకోండి. మోకాలి కింద మాత్రం ఏదీ పెట్టొద్దు. పెడితే హాయిగా ఉంటుంది. అందుకే వద్దంటున్నా. మోకాలు వంచి ఉంచితే వంగినట్టే బిగుసుకుపోతుంది."

మా ఇంటి నిచ్చెనకు ఇరవై ఏడు మెట్లు.

ఎనిమిదో రోజు

పడవ రత్తమ్మ వచ్చింది. మా స్తంభంలో రెండో వరస పిల్ల, నలభై ఉంటాయి. నేను ఇక్కడున్నన్నాళ్ళు మా ఇంటికి నీళ్ళు తనే మోస్తోంది. ఇరవై ఎనిమిదో రోజు వరకే మోస్తానని ముందే చెప్పింది. తనకీ ముగ్గురు పిల్లలు, సొంత నీళ్ళు ఉన్నాయి.

అంకమ్మ ఒక బొంత పంపింది. నా భార్య. పాత చీరలు నాలుగు మడతలేసి కుట్టింది. చిలకపచ్చ చీర ముక్క పైకి కనిపిస్తోంది, అంచున ఎర్ర దారం.

"పిన్ని చెప్పమంది బాబాయ్. మోకాలి కింద పెట్టుకోమంది. మెత్తగా ఉంటదంట. నువ్వెళ్ళిన కాడి నుంచి కూర్చుని కుట్టింది. సూదిలో దారం నాతోనే ఎక్కించుకుంది" అంది రత్తమ్మ.

తీసుకుని పక్కన పెట్టుకున్నాను.

మాకిద్దరికీ మోకాళ్ళు పోయాయి. ఆమెవి నా కంటే ముందు పోయాయి. తొమ్మిదేళ్ళుగా ఆమె కిందికి దిగలేదు. ఇంటికి ఒక మోకాలే ఇస్తారు. ఆసుపత్రి నుంచి చీటీ వచ్చిన రోజు నేను ఆమె వైపు చూశాను. ఆమె చేపలు తోముతోంది. "నువ్వే పోయి వేయించుకో. నాదేముంది, కూర్చునే దాన్నేగా. నీళ్ళు మోసేది నువ్వు" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చేపలు తోముతూనే ఉంది.

అది ఆమె మోకాలు. నా కాల్లో ఉంది.

తొమ్మిదో రోజు

ఈ రోజు గట్టిగా చెప్పాలనుకున్నాను. పొద్దుటి నుంచి లోపల ఎనిమిది, ఎనిమిది అనుకుంటూ ఉన్నాను. పెట్టె నా పేరు పిలిచింది. నాలుగు అన్నాను.

పెట్టె వెంటనే అంది. "నాంచారయ్య గారి నొప్పి పెరిగింది. నాంచారయ్య గారూ, ధైర్యంగా ఉండండి."

వార్డంతా ఇటు తిరిగింది. ఎదురు మంచం ముసలామె "అయ్యో పాపం" అంది. నాకు కోసినప్పుడు కూడా అంత ఒళ్ళు చచ్చిపోలేదు.

మధ్యాహ్నం అడిగినప్పుడు మూడు అన్నాను.

పదో రోజు

పట్టీ వేడెక్కిపోయింది. మధ్యాహ్నం మేడమ్ ఆడవాళ్ళ వైపు ఉన్నప్పుడు బొంత మడిచి మోకాలి కింద పెట్టాను. దుప్పటి కప్పుకున్నాను.

ఒక్కసారిగా లాగుడు ఆగింది. పది రోజుల్లో మొదటిసారి. అంకమ్మ చెయ్యి పెట్టినట్టు ఉంది. నిద్రపోయాను.

పద్నాలుగో రోజు

మేడమ్ వచ్చే ముందు బొంత తీసి నడుము కింద దాస్తున్నాను. వెళ్ళగానే మళ్ళీ పెడుతున్నాను. తప్పని తెలుసు. ఒక గంటే కదా అనుకుంటాను. గంట అయ్యేసరికి తీయబుద్ధి కాదు.

ఈ రోజు కొలిచారు. చాపితే ఇంకా పద్దెనిమిది వంపు ఉంది. మడత అరవై రెండు. మేడమ్ చెక్క రెండుసార్లు పెట్టి చూశారు.

"నొప్పి మూడే అంటున్నారు కదా పెద్దాయనా, మరి ఎందుకు చాపట్లేదు? భయమా?"

"కొంచెం."

"భయం వద్దు. మూడంటే తట్టుకోగలిగిందే. గట్టిగా నొక్కుతా, ఊపిరి తీసుకోండి."

రెండు చేతులూ మోకాలి మీద పెట్టి కిందికి నొక్కారు. కళ్ళు చీకట్లు కమ్మాయి. మంచం పట్టె పట్టుకున్నాను. అరవలేదు. ఇంకొంచెం నొక్కారు. అరవట్లేదు కాబట్టి నొక్కారు. ఆమె తప్పు లేదు.

పదిహేడో రోజు

జోజిబాబు చూశాడు. దుప్పటి జారింది.

"అదేంటి బాబాయ్ మోకాలి కింద?"

"మా ఇంట్లో వాళ్ళు పంపించారు."

"తియ్యి. మేడమ్ ఏమని మొత్తుకుంది?"

నేను దుప్పటి మళ్ళీ కప్పుకున్నాను.

"నువ్వు తీస్తావా, నేను మేడమ్‌ని కేకెయ్యనా?"

"వద్దు జోజీ. ఆమె కుట్టింది. చూపు సరిగా ఆనదు ఆమెకి."

అతను మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. తర్వాత "మా ఆవిడ బతికున్నప్పుడు చేసిన పులుసు ఉప్పు కషాయం. అయినా అడిగి మరీ వేయించుకునేవాణ్ణి" అన్నాడు. మేడమ్‌ని పిలవలేదు. పిలిస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

పంతొమ్మిదో రోజు

బొంత తీసేశాను. కాలు చాపి పెట్టుకున్నాను. చాపలేదు, చాపినట్టు పెట్టుకున్నాను. మోకాలి వెనక తాడు బిగించి ఇద్దరు చెరోవైపు లాగుతున్నట్టు ఉంది. ఊపిరి లెక్కపెట్టాను. నాలుగు లోపలికి, ఆరు బయటికి. రెండు వందల దాకా వచ్చాను. మంచు కొండ అద్దాలు అడిగాను. వేరేవాళ్ళు పెట్టుకున్నారు.

పెట్టె అడిగింది. మూడు.

మధ్యాహ్నానికి బొంత మళ్ళీ పెట్టాను.

ఇరవై ఒకటో రోజు

జోజిబాబు వెళ్ళిపోయాడు. వారం ముందే. మడత నూట నాలుగు. వార్డులో పెట్టిన ఐదు మెట్ల నిచ్చెన ఎక్కి, పై మెట్టు మీద నిలబడి ఆడవాళ్ళకి దణ్ణాలు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దిగి నా దగ్గరికి వచ్చాడు. "బాబాయ్, అరువు. నీకు దణ్ణం పెడతా, అరువు. ఇక్కడ అరిచిన వాడికే నయమవుద్ది" అన్నాడు.

అలాగే అన్నాను.

ఇరవై రెండో రోజు

దుప్పట్లు మార్చే రోజు అని మరిచిపోయాను. మేడమే వచ్చి మార్చారు. బొంత బయటపడింది.

తిడతారనుకున్నాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. బొంత చేతిలోకి తీసుకుని కుట్లు చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదో రోజు నుంచి."

"అంత నొప్పి ఉందా?"

తల ఊపాను.

"మూడన్నారు కదా పెద్దాయనా. నేను మీ మాటే నమ్మాను. మూడు కదా అని అంత గట్టిగా నొక్కాను. ఎనిమిది అని ఉంటే చలి ఎక్కువ పెట్టించి, వాపు తీయించి, అప్పుడు నొక్కేదాన్ని." బొంత మడిచి పక్కన పెట్టారు. "ఎవరికి భయపడ్డారు?"

"భయం కాదమ్మా. అలవాటు లేదు."

పెట్టె నా పేరు పిలిచేదాకా ఆమె పక్కనే నిలబడ్డారు. ఎనిమిది అన్నాను. చిన్నగా అన్నాను. పెట్టె వినలేదు, మళ్ళీ అడిగింది. ఎనిమిది అన్నాను. నా నొప్పి పెరిగిందని అది అందరికీ చెప్పింది. చెప్పనీ.

నీళ్ళు వచ్చాయి. ఇంత చల్లగా ఉంటాయని నాకు తెలియదు. వాళ్ళందరికీ మొదటి నుంచీ ఇలాగే ఉందా. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

ఇరవై అయిదో రోజు

మోకాలి మీద ఇసుక సంచి పెట్టి పడుకోబెడుతున్నారు. ముందు చలి, తర్వాత సంచి, తర్వాత నడక, మళ్ళీ చలి. పద్దెనిమిది కాస్తా పదిహేను అయింది. మేడమ్ మధ్యాహ్నం అన్నం మానేసి నా దగ్గరే ఉంటున్నారు. కోత పడిన చోట కొబ్బరినూనెతో వేళ్ళు తిప్పి రుద్దుతారు. లోపల చర్మం ఎముకకి అంటుకుపోయినట్టుంది, కదలదు.

"ఇంకో రెండు వారాలు ఉంటే వచ్చేది" అన్నారు ఈ రోజు. నాతో అనలేదు, మోకాలితో అన్నారు.

ఇరవై ఎనిమిదో రోజు

వంపు పద్నాలుగు. మడత డెబ్భై ఒకటి.

నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళారు. ఎడమ కాలు మొదటి మెట్టు మీద పెట్టాను. కుడి కాలు పైకి రాలేదు. చేత్తో పట్టుకుని ఎత్తాను. పాదం మెట్టుకి తగిలి కిందికి వచ్చేసింది. మూడుసార్లు చూశాను. వెనక నుంచి ఎవరో "ఇంకొక్కసారి తాతా" అన్నారు. నాలుగోసారీ చూశాను.

"మళ్ళీ కోసి సరిచేయడానికి కుదురుతుందా అమ్మా?" అని అడిగాను. అడగడానికి చాలాసేపు పట్టింది.

"సూది ఒకసారే పెద్దాయనా. సూది లేకుండా కోయలేం."

"పోనీ, నా దాని బదులు మా ఆవిడకి..."

"ఇంటికి ఒకటి అయిపోయింది."

కాగితం మీద దిగువ వరస అని రాశారు. రాసేటప్పుడు నా వైపు చూడలేదు. నా మంచం మీదికి వచ్చే మనిషి అప్పటికే గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ముప్ఫయ్యో రోజు

దిగువ వరస అంటే స్తంభాల కాళ్ళకి కట్టేసిన పాత పడవలు. నాకు ఒక మూల ఇచ్చారు. పోటు వచ్చినప్పుడు చెక్కల సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. అంకమ్మని దింపి ఇక్కడికి తెచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఆమెకి ఆయాసం. ఈ తేమలో ఒక్క వానాకాలం నిలవదు.

పొద్దున రత్తమ్మ తన పడవలో నన్ను మా స్తంభం కిందికి తీసుకొచ్చింది. మంచినీళ్ళ బల్లకట్టు దగ్గర ఒక బిందె నింపుకున్నాం.

పైకి చూశాను. అంకమ్మ అంచు దాకా పాక్కుంటూ వచ్చింది. తల మాత్రం కనిపిస్తోంది.

"వచ్చావా?" అంది.

"వచ్చాను."

"వినపళ్ళా. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. అన్ని వరసల్లోంచీ జనం తొంగి చూశారు.

"ఎక్కు మరి. అన్నం వండా."

"ఎక్కలేను."

"రేపా?"

"రేపు కూడా కాదు."

"మరెప్పుడయ్యా?"

రత్తమ్మ తల పక్కకి తిప్పుకుంది. నేను నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరిచాను. "ఇంక ఎక్కలేను అంకమ్మా. మోకాలు బిగుసుకుపోయింది. వంగదు."

నీళ్ళు స్తంభానికి కొట్టుకుంటున్నాయి. ఇన్నేళ్ళలో ఆమె పేరు నేను పదిమందిలో పిలవడం అదే మొదలు.

"నేను పంపిన బొంత పెట్టుకున్నావా?" అంది కాసేపటికి.

"పెట్టుకున్నాను."

"హాయిగా ఉందా?"

"చాలా హాయిగా ఉంది."

"అదున్నా బిగుసుకుందా?"

"నా ఒంటి తత్వం అంతే."

"పల్చనయ్యుంటది. ఇంకో మడత వెయ్యాల్సింది. నాదే తప్పు."

"కాదు" అన్నాను. "నీది కాదు." ఇంకేం చెప్పలేదు. రత్తమ్మ నా వైపు చూసింది. తనకి మేడమ్ అంతా చెప్పే ఉంటారు. తను కూడా ఏమీ అనలేదు.

రత్తమ్మే అంది. "బాబాయ్, మోకు కట్టి నలుగురం కలిసి నిన్ను పైకి లాగేస్తాం. ఇవాళే. కానీ ఒకసారికే. రోజూ మా వల్ల కాదు."

పైకి పోతే ఆమె పక్కన ఉంటాను. రేపటి నుంచి నీళ్ళెవరు తెస్తారు? బియ్యం కూడా మనిషి కిందికి వచ్చి నిలబడితేనే ఇస్తారు. ఇద్దరం పైన ఉంటే ఎన్నాళ్ళు?

"వద్దమ్మా. ఆ మోకేదో పైన కట్టి ఒక కొస కిందికి వెయ్యి" అన్నాను.

రత్తమ్మ ఎక్కి వెళ్ళి కట్టింది. నేను పడవలో నిలబడి బిందె మెడకి ముడి వేశాను. అంకమ్మని లాగమన్నాను. బిందె నీళ్ళ మీద నుంచి లేచి, రెండో వరస దాకా వెళ్ళి ఆగింది. పైన ఆమె దగ్గు వినపడింది. బిందె కిందికి వచ్చేసింది. సగం వంపేశాను. మూడో వరస దాకా వెళ్ళింది. రత్తమ్మ ఒక చెయ్యి వేయబోయింది. "నువ్వు రేపుండవుగా, నన్ను లాగనీ" అంది అంకమ్మ.

చివరికి చెంబుతో పంపాను. చెంబు వెళ్ళింది. ఒకటి, మళ్ళీ ఒకటి. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంది. తొమ్మిది చెంబులు. మాకు రోజుకు రెండు బిందెలు కావాలి.

"చాల్లే ఇవాళ్టికి" అంది.

చాలవు. ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి తాడు మళ్ళీ కదిలింది. గిన్నెలో అన్నం, ఎండు చేపల కూర కట్టి దింపింది. గిన్నె గిరగిరా తిరుగుతూ వచ్చింది. అందుకున్నాను. ఇంకా వేడిగా ఉంది.

పడవలో కాలు చాపుకుని కూర్చుని తిన్నాను. ఆమె అంచున కూర్చుని కిందికి చూస్తోంది. అందరూ చూస్తున్నారు. తిన్నాను. తర్వాత గిన్నె కడిగి తాడుకి కట్టాను.

ఖాళీ గిన్నె కదా, తేలికగానే వెళ్ళింది.